గెలుస్తున్నవాడు మోకాలెందుకు వంచుతాడు?

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి, ఆదివారం మధ్యాహ్నం కొడుకు పక్కన టీవీ ముందు కూర్చున్న మన పెద్దవాళ్లు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘అదేంట్రా, మూడు గంటలసేపు ఒకళ్లనొకళ్లు గుద్దుకుని చచ్చారు. ఇప్పుడు బంతి చేతిలో ఉంది, పాయింట్లలోనూ ముందున్నారు. తీరా ఆ అబ్బాయి బంతి అందుకోగానే మోకాలి మీద కూర్చున్నాడేంటి? ఇంకోటి కొట్టొచ్చు కదా?’’

‘‘టైమ్ అయిపోవాలి నాన్నా’’ అంటాడు కొడుకు. నిజమే. అయితే ఆ జవాబు ఆఖరి రెండు నిమిషాలకే సరిపోతుంది. ఇంకా ఎనిమిది నిమిషాలుంటే? అయిదుంటే? మోకాలు వంచడానికి వేళ కాలేదు. ఆధిక్యం చూస్తే ఒక్క దెబ్బకు పోయేంత. దూకుడుగా ఆడాలా, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇలాంటి ప్రశ్నలకు లెక్కలు కట్టడం యాభై ఏళ్ల కిందటే మొదలైంది. బంతి మైదానంలో ఎక్కడుంటే సగటున ఎన్ని పాయింట్ల విలువ చేస్తుందో 1971లో ఒక పరిశోధన పత్రంలో లెక్కగట్టి చూపినవాళ్లలో ఒకడైన వర్జిల్ కార్టర్, అప్పటికి సిన్సినాటి జట్టులో ఆడుతున్న క్వార్టర్‌బ్యాకే, అంటే బంతి అందుకుని విసిరే ఆటగాడే. రెండోవాడు రాబర్ట్ మాకోల్ అనే ఆచార్యుడు. ఆడేవాడే పెన్సిలు పట్టి లెక్క చూసుకున్నాడంటే ఆ ప్రశ్న ఎంత వేధించి ఉండాలి!

గడియారం ఎప్పుడు ఆగుతుంది?

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. గడియారం లెక్కన మొత్తం ఆట గంటసేపు, పదిహేనేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. ఒక్కోదాన్ని డౌన్ అంటారు. నాలుగింటిలో పది గజాలు ముందుకెళితే మళ్లీ కొత్తగా నాలుగు ఇస్తారు. వెళ్లలేకపోతే బంతి ఎక్కడుంటే అక్కడే అవతలివాళ్ల పరమవుతుంది. అందుకే మూడు డౌన్లు వృథా అయ్యాక నాలుగోసారి సాధారణంగా బంతిని వీలైనంత దూరం తన్నేస్తారు. అది పంట్. చివరి గీత దాటించి బంతిని తీసుకెళితే ఆరు పాయింట్ల టచ్‌డౌన్, ఆపైన ఒకటో రెండో అదనపు పాయింట్లు తెచ్చుకునే అవకాశం. గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్.

బంతిని ముందుకు తీసుకెళ్లే దారులు రెండు: చేత పట్టుకుని పరుగెత్తడం, లేదా విసరడం. పరుగెత్తినవాడు మైదానం లోపలే పడిపోతే గడియారం తిరుగుతూనే ఉంటుంది. విసిరిన బంతిని ఎవరూ పట్టుకోకపోతే గడియారం ఆగిపోతుంది. ఆట చివర్లో ఆటగాడు పక్కగీత దాటి బయటికి వెళ్లినా ఆగుతుంది. ఇవి కాక ఒక్కో జట్టుకు అర్ధభాగానికి మూడేసి టైమ్‌అవుట్లు, రెండు నిమిషాలు మిగిలినప్పుడు రిఫరీ ఇచ్చే విరామం.

ఇంకో అంకె గుర్తుంచుకోవాలి: 40 సెకన్లు. ఒక డౌన్ ముగిశాక తర్వాతది మొదలుపెట్టడానికి బంతి ఉన్న జట్టుకు ఇచ్చే గడువు అది. గడియారం తిరుగుతుంటే ఆ నలభై సెకన్లూ ఊరికే నిలబడి ఖర్చుపెట్టొచ్చు. రెండు నిమిషాలు మిగిలాయి, మొదటి డౌన్, అవతలివాళ్ల దగ్గర టైమ్‌అవుట్లు లేవు అనుకోండి. మోకాలు వంచితే రెండు సెకన్లు, నిలబడితే నలభై. ఇంకోసారి అంతే. మూడోసారి వంచేసరికి ముప్పై చిల్లర సెకన్లే మిగులుతాయి, అవీ నిలబడే గడిపేయొచ్చు. మూడు మోకాళ్లతో రెండు నిమిషాలు హరించుకుపోతాయి. అవతలి జట్టు దగ్గర ఒక్క టైమ్‌అవుట్ ఉన్నా అందులోంచి నలభై సెకన్లు కోసేస్తుంది. కోచ్‌లు ఆ మూడు టైమ్‌అవుట్లను పిసినారుల్లా దాచుకునేది ఇందుకే.

ఈ మోకాలి విద్య అంత సులభంగా రాలేదు. 1978 నవంబరు 19న న్యూజెర్సీలో, ఈస్ట్ రూథర్‌ఫర్డ్ మైదానంలో న్యూయార్క్ జెయింట్స్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద 17-12తో ముందుంది. ముప్పై చిల్లర సెకన్లే ఉన్నాయి. ఈగల్స్ దగ్గర టైమ్‌అవుట్లు అయిపోయాయి. క్వార్టర్‌బ్యాక్ జో పిసార్చిక్ బంతితో కింద పడిపోతే చాలు. బెంచి నుంచి వచ్చిన ఆదేశం వేరు: బంతిని లారీ జాంకాకు అందించి పరుగెత్తించమని. అందించబోతే బంతి జారి నేల మీద గెంతింది. హెర్మన్ ఎడ్వర్డ్స్ దాన్ని ఒడిసిపట్టి 26 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఈగల్స్ 19-17తో గెలిచింది. ఆ ఎత్తు చెప్పిన సహాయ కోచ్ ఉద్యోగం మర్నాడే పోయింది. క్వార్టర్‌బ్యాక్‌కు అటూ ఇటూ మనుషుల్ని దగ్గరగా నిలబెట్టి, ఏదైనా జరిగితే ఆదుకోవడానికి ఒకణ్ని దూరంగా వెనక ఉంచే వరస ఆ తర్వాతే స్థిరపడింది. టీవీలో మనకు వింతగా కనిపించే మోకాలి వెనక ఆ మధ్యాహ్నపు దెబ్బ ఉంది.

చెడుగుడు కోర్టులో ఇదే లెక్క

మోకాలు వంచే వేళ రాకముందు జరిగే కథే అసలు కథ. దాన్ని మన చెడుగుడులో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రొ కబడ్డీ పోటీ ఊహించుకోండి. మనవాళ్లు రెండు పాయింట్లు ముందున్నారు, మూడు నిమిషాలున్నాయి. కూతకు వెళ్లినవాడికి ముప్పై సెకన్లు. అతను లోపలికి చొచ్చుకుపోయి ఎవర్నో ముట్టుకోవాలని చూస్తే పాయింటు రావచ్చు, లేదా నలుగురి పట్టుకు చిక్కిపోవచ్చు. అందుకని బాక్ లైను దాటి, కాస్త కాలాడించి, ఇరవై ఎనిమిదో సెకనుకు వెనక్కి వచ్చేస్తాడు. పాయింటు రాలేదు, పోలేదు. అరనిమిషం మాత్రం పోయింది. ముందున్నవాడికి అదే లాభం.

అయితే రెండు కూతలు వరసగా ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాల్సిందే, లేకపోతే కూతగాడు అవుట్. అంటే ఊరికే కాలం గడపడానికి ఒక హద్దు పెట్టారు. ఫుట్‌బాల్‌లో నాలుగు డౌన్లు, పది గజాలు కూడా అలాంటి హద్దే. ముందున్న జట్టు రెండుసార్లు గడియారం కోసం ఆడొచ్చు. మూడోసారికి గజాల కోసం ఆడక తప్పదు. మొదటి రెండూ అలా గడిచిపోయాక మూడోసారికి ఎవర్ని నమ్ముకోవాలన్నది రెండు ఆటల్లోనూ కోచ్ పనితనానికి పరీక్ష.

ఇక్కడ గణాంకశాస్త్రంలోని ఒక భావన పనికొస్తుంది. వాళ్లు వేరియన్స్ అంటారు, మనం ఒడుదుడుకు అందాం. పరుగెత్తితే రెండు గజాలో నాలుగు గజాలో వస్తాయి. ఘోరం జరగడం అరుదు, అద్భుతం జరగడమూ అరుదు. విసిరితే ఒకసారి ముప్పై గజాలు, ఒకసారి సున్నా, ఒకసారి బంతే అవతలివాడి చేతిలో. వెనకబడ్డ జట్టుకు ఒడుదుడుకు కావాలి. ఉన్నది ఉన్నట్టు సాగితే ఓడిపోతుంది కనక అటో ఇటో ఏదో ఒకటి జరగాలి. ముందున్న జట్టుకు ఏమీ జరగకపోవడమే మేలు. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు.

తిరకాసు ఎక్కడంటే, ఒక్కో డౌన్‌లో ఒడుదుడుకు తగ్గించుకుంటూ పోతే మొత్తం ఆటలో అపాయం తగ్గుతుందన్న హామీ లేదు. మూడుసార్లు అందరికీ తెలిసేలా నేరుగా పరుగెత్తి, ఆరు గజాలు తెచ్చుకుని, నాలుగోసారి బంతిని తన్నేశారనుకోండి. మనం ఏ తప్పూ చేయలేదు. ప్రతి అడుగూ జాగ్రత్తగానే వేశాం. కాని బంతి ఇప్పుడు అవతలివాడి దగ్గరుంది, గడియారంలో మూడు నిమిషాలున్నాయి. ఆధిక్యానికి అసలైన ప్రమాదం అదే. కాబట్టి ముందున్న జట్టు ప్రతి ఎత్తుకు ముందూ ‘ఇందులో తప్పు జరుగుతుందా?’ అని అడిగితే చాలదు. ‘ఇది ఫలించకపోతే బంతి అవతలివాడికి ఎక్కడ, ఎంత టైముతో వెళుతుంది?’ అనీ అడగాలి.

హ్యూస్టన్, ఇరవై రెండో గజం

ఈ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో 2017 ఫిబ్రవరి 5న హ్యూస్టన్‌లో జరిగిన సూపర్ బౌల్ ఫైనల్ చూపించింది. అట్లాంటా ఫాల్కన్స్ మూడో భాగంలో 28-3తో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద ముందుంది. ఆ స్థితిలో లెక్కలు కట్టేవాళ్లు అట్లాంటా గెలుపు పాలు నూటికి తొంభై తొమ్మిదికి పైగానే చూపారు.

మొదటి దెబ్బ నాలుగో భాగంలో, ఎనిమిదిన్నర నిమిషాలున్నప్పుడు తగిలింది. స్కోరు 28-12. మూడో డౌన్, కావలసింది ఒక్క గజం. అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మాట్ రయన్ విసరడానికి వెనక్కి తగ్గాడు. డాంటా హైటవర్ వచ్చి గుద్దితే బంతి జారిపోయి పేట్రియట్స్ చేతికి చిక్కింది. కాసేపటికి స్కోరు 28-20.

ఆ పొరపాటు నుంచి అట్లాంటా కోలుకుంది కూడా. డెవాంటా ఫ్రీమన్ ఒక పాస్ అందుకుని 39 గజాలు తెచ్చాడు. తర్వాత హూలియో జోన్స్ పక్కగీత మీద, రెండు పాదాలూ లోపలే మోపి, గాల్లో బంతిని అందుకున్న తీరు ఈనాటికీ చూడదగ్గది. బంతి పేట్రియట్స్ వైపు ఇరవై రెండో గజం దగ్గరికి చేరింది. నాలుగు నిమిషాల నలభై సెకన్లున్నాయి.

ఇక్కడ కాస్త ఆగుదాం. బంతిని కాస్త వెనక్కి పెట్టి తన్నాలి, స్తంభాలూ గీత వెనకే ఉంటాయి కనక ఇరవై రెండో గజం నుంచి తన్నాలంటే దూరం సుమారు 39 గజాలు. ఈ స్థాయిలో తన్నేవాళ్లు అంతదూరం నుంచి పదింట తొమ్మిదిసార్ల దాకా గురి తప్పరు. తన్నితే ఆధిక్యం ఎనిమిది నుంచి పదకొండుకు పెరుగుతుంది. ఎనిమిది పాయింట్లను ఒక టచ్‌డౌన్, దాని మీద రెండు అదనపు పాయింట్లతో అందుకోవచ్చు. పదకొండును ఒక్క విడతలో అందుకోలేరు, బంతి రెండుసార్లు చేతికి రావాలి. అంటే ఆ క్షణానికి అట్లాంటా సాధించాల్సినదంతా సాధించేసింది. మూడుసార్లు నేరుగా పరుగెత్తి ఒక్క గజం తేకపోయినా, తన్నడానికి చోటు పదిలంగానే ఉంటుంది.

మొదటి డౌన్‌లో పరుగెత్తారు, ఒక గజం నష్టం. రెండో డౌన్‌లో రయన్ విసరడానికి వెనక్కి తగ్గాడు. ట్రే ఫ్లవర్స్ అతణ్ని బంతితో సహా పడగొట్టాడు, 12 గజాలు పోయాయి. తర్వాతి డౌన్‌లో ఒక పాస్ ఫలించింది గాని, అట్లాంటా ఆటగాడు ప్రత్యర్థిని పట్టుకున్నాడని పది గజాల జరిమానా పడింది. బంతి నలభై అయిదో గజానికి వెళ్లిపోయింది. ఫీల్డ్ గోల్ ఆశ పోయింది. మళ్లీ విసిరారు, ఎవరూ పట్టలేదు, గడియారం ఆగింది. ఇక పంట్ చేశారు. న్యూ ఇంగ్లండ్ తన తొమ్మిదో గజం నుంచి మొదలుపెట్టి 91 గజాలు నడిచి, 57 సెకన్లుండగా టచ్‌డౌన్ చేసి, రెండు అదనపు పాయింట్లతో స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో 34-28తో గెలిచింది.

ఆ రోజు అట్లాంటాకు ఎత్తులు చెప్పింది కైల్ షానహాన్. అతన్ని తిట్టనివారు లేరు. నా ఉద్దేశంలో ఆ తిట్లలో సగమే న్యాయం. విసరడం అట్లాంటా బలం, ఆ ఏటి ఉత్తమ ఆటగాడు రయనే. ఇరవై రెండో గజానికి చేర్చిందీ పాసులే. హూలియో జోన్స్‌కు విసిరిన బంతిని మెచ్చుకుని, ఆ వెంటనే విసరబోవడాన్ని మూర్ఖత్వమంటే పొంతన కుదరదనిపించవచ్చు. కాని ఆ రెండు క్షణాల మధ్య పరిస్థితి మారిపోయింది. మొదటిసారి విసిరినప్పుడు ఇంకా సంపాదించాల్సి ఉంది. రెండోసారి నాటికి సంపాదన చేతిలో ఉంది, పోగొట్టుకునేదే మిగిలింది. ఎత్తు అదే అయినా దాని ధర మారింది. అందుకే ‘ముందున్నప్పుడు విసరకూడదు’ అన్న సూత్రంగానీ, ‘ఎలా ఆడి ముందుకొచ్చామో అలాగే ఆడాలి’ అన్న సూత్రంగానీ రెండూ అక్కరకు రావు.

నూరు రాత్రుల లెక్క

ఇప్పుడు దీనికి తిరగేసిన ఉదాహరణ. 2009 నవంబరు 15, ఇండియానాపొలిస్. ఈసారి ముందున్నది పేట్రియట్స్, 34-28తో. రెండు నిమిషాల ఎనిమిది సెకన్లున్నాయి. బంతి సొంత వైపు ఇరవై ఎనిమిదో గజం దగ్గర. నాలుగో డౌన్, కావలసింది రెండు గజాలు. అవతల కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ బంతి కోసం ఎదురుచూస్తున్నాడు. ఎవరైనా పంట్ చేస్తారు. కోచ్ బిల్ బెలిచెక్ చేయలేదు, రెండు గజాల కోసం వెళ్లాడు. కెవిన్ ఫాక్ పాస్ అందుకున్నాడు గాని బంతి చేతుల్లో తడబడింది, గీతకు కాస్త ముందే పడగొట్టారని తీర్పు వచ్చింది. టైమ్‌అవుట్లు అయిపోయినందున ఆ తీర్పును సవాలు చేసే వీలు కూడా లేకపోయింది. మానింగ్ దగ్గరి దూరం నుంచి తాపీగా నడిపించి, పావు నిమిషం కూడా మిగలకుండా టచ్‌డౌన్ వేశాడు. 35-34.

మర్నాడు దేశమంతా బెలిచెక్‌ను ఏకేసింది. బ్రయన్ బర్క్ అనే విశ్లేషకుడు మాత్రం పాత ఆటల గణాంకాలు తీసి కూర్చున్నాడు. ఆయన అంకెలతో మనమూ లెక్క చూద్దాం. అదే రాత్రి నూరుసార్లు వచ్చిందనుకుందాం.

నూరు రాత్రుల్లోనూ రెండు గజాల కోసం వెళ్లారు. ఇలాంటి చోట సుమారు అరవైసార్లు ఫలిస్తుంది. ఫలిస్తే ఆట దాదాపు ముగిసినట్టే. ఆ అరవైనీ గెలుపు ఖాతాలో వేద్దాం. మిగిలిన నలభై రాత్రుల్లో బంతి మానింగ్‌కు దగ్గరి దూరంలో దొరుకుతుంది. అయినా అతను ప్రతిసారీ టచ్‌డౌన్ చేయలేడు. నూటికి 53 సార్లు చేస్తాడనుకుంటే, నలభైలో ఇరవై ఒకటి. తక్కిన పంతొమ్మిది మనవే. మొత్తం 79 గెలుపులు. ఇక నూరు రాత్రులూ పంట్ చేస్తే? మానింగ్ దూరం నుంచి మొదలుపెట్టి ముప్పైసార్లు టచ్‌డౌన్ చేస్తాడు. మనకు 70 గెలుపులు.

అరవై అన్న అంకె మీద అనుమానమా? తగ్గించి చూడండి. సుమారు నలభై మూడుకు దిగితే గాని రెండు దారులూ సమానం కావు. ‘అవతల ఉన్నది మానింగ్, మామూలువాడా!’ అని చాలామంది వాదించారు. సరే, అతని బలం పెంచుదాం. దగ్గర నుంచి 70 సార్లు, దూరం నుంచి 45 సార్లు చేస్తాడనుకుందాం. పంట్ చేస్తే మన గెలుపులు 55కు పడిపోతాయి. ధైర్యం చేస్తే 72 ఉంటాయి. ప్రత్యర్థి ఎంత గట్టివాడైతే వాడికి బంతి ఇవ్వకపోవడం అంత అవసరమవుతుంది! బెలిచెక్‌ను తప్పుపట్టడానికి చెప్పిన కారణమే అతన్ని సమర్థిస్తోంది. ఓడిపోయిన ఆ ఒక్క రాత్రి నూరింటిలో ఓడే ఇరవై ఒక్క రాత్రుల్లో ఒకటి. దాన్నిబట్టి నిర్ణయాన్ని కొలవడం సబబు కాదు.

వద్దనుకున్న టచ్‌డౌన్

పాయింట్లకన్నా కాలం విలువైన క్షణం ఒకటి టెక్సస్‌లోని అర్వింగ్‌లో నమోదైంది. ఇప్పుడు తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఊరే. అప్పట్లో డాలస్ కౌబాయ్స్ మైదానం అక్కడ ఉండేది. 2007 డిసెంబరు 16న ఫిలడెల్ఫియా 10-6తో ముందుంది. రెండు నిమిషాల చిల్లర ఉంది. డాలస్‌కు టైమ్‌అవుట్లు లేవు. బ్రయన్ వెస్ట్‌బ్రుక్ బంతితో తప్పించుకుని పరుగెత్తాడు. ఎదురుగా ఎవరూ లేరు. గీతకు ఒక గజం ముందు ఆగి, తనంతట తాను కింద పడిపోయాడు.

టచ్‌డౌన్ చేస్తే ఆధిక్యం కనీసం పదికి చేరేది. కాని బంతి డాలస్‌కు వెళ్లేది. టచ్‌డౌన్, మళ్లీ బంతిని దక్కించుకోవడం, ఇంకో స్కోరు: చాలా కష్టమే గాని అసాధ్యం కాదు. పడిపోతే కొత్త డౌన్లు, మూడు మోకాళ్లు, ఆట సమాప్తం. డాలస్ బంతిని మళ్లీ ముట్టుకోలేదు. నిండు వేగంతో పరుగెత్తుతూ ఆ లెక్క అమలు చేసిన మనిషిని చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. ఆరు పాయింట్లు, పేపర్లో పేరు, అన్నీ గజం దూరంలో ఉండగా ఆగడం చిన్న విషయం కాదు.

తెలిసీ ఎందుకు చేయరు?

లెక్క ఇంత స్పష్టంగా ఉంటే కోచ్‌లు ఇంకా ఎందుకు భయపడతారు? బర్కిలీ ఆర్థికశాస్త్రవేత్త డేవిడ్ రోమర్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, నాలుగో డౌన్‌లో జట్లు లెక్క ప్రకారం తగినదానికన్నా చాలా ఎక్కువగా బంతిని తన్నేస్తున్నాయని చూపించాడు. తెలియక కాదు. పంట్ చేసి ఓడితే ఆటగాళ్లు ఓడినట్టు, ధైర్యం చేసి ఓడితే కోచ్ ఓడించినట్టు. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లో వివరించిన మనస్తత్వం కూడా ఇక్కడ పనిచేస్తుంది: వచ్చిన లాభం ఇచ్చే సంతోషంకన్నా, అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువ. ఆధిక్యం చేతికి రాగానే అది మన సొత్తనిపిస్తుంది. దాన్ని పోగొట్టుకోకూడదన్న ఆరాటం అసలు లక్ష్యాన్ని మరిపిస్తుంది.

రక్షణ పక్షంలోనూ ఇదే. చివర్లో చాలామందిని బాగా వెనక్కి నిలబెట్టి, పొడుగు పాస్ పడకుండా చూసుకునే వరసను ప్రివెంట్ డిఫెన్స్ అంటారు. ముందుకు ఉరికేవాళ్లు తగ్గేసరికి అవతలి క్వార్టర్‌బ్యాక్‌కు నిదానంగా చూసి విసిరే తీరిక దొరుకుతుంది. పదేసి గజాలు ఇచ్చుకుంటూ పోతే మైదానం ఇట్టే కరిగిపోతుంది. ముప్పై సెకన్లుంటే అది మంచి వరసే. మూడు నిమిషాలుంటే కాదు.

ఈ పదిహేనేళ్లలో మార్పు వచ్చింది. జట్లు గణాంకవేత్తల్ని జీతమిచ్చి పెట్టుకున్నాయి, నాలుగో డౌన్‌లో ధైర్యం చేయడం మామూలైంది. ఫిలడెల్ఫియా అయితే ఒక గజం తేవడానికి ప్రత్యేకంగా ఒక ఎత్తు సాధన చేసింది. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని నేరుగా ముందుకు తోసుకుపోతాడు, వెనక ఉన్నవాళ్లు అతన్ని నెడతారు. అది ఎంత నమ్మకంగా ఫలించిందంటే, మూడు డౌన్లలో తొమ్మిది గజాలు తెస్తే వాళ్లకు పది తెచ్చినట్టే లెక్క. ఆట చివర్లో అలాంటి జట్టు ముందుంటే, దాని దగ్గర నుంచి బంతి లాక్కోవడం ఎలా? ఆ ఎత్తును నిషేధించాలని 2025లో గ్రీన్ బే జట్టు ప్రతిపాదన తెచ్చింది. 32 జట్ల యజమానుల్లో 24 ఓట్లు కావాలి. మే నెలలో జరిగిన ఓటింగులో ఇరవై రెండే వచ్చాయి.